చంకలో బిడ్డ, చేతిలో వాక్యము



మీలో అనేకులు పల్లె సంఘములలోనివారు. మీ ఊరి పాస్టరుగారిని "అయ్యగారు" అనియు, ఆయన భార్యను "అమ్మగారు" అనియు పిలుచుట మీకు చిన్ననాటినుండి అలవాటు. ప్రసంగము అయ్యగారిది, పిల్లలు, వంట, వచ్చిపోవు అతిథులు అమ్మగారి వంతు. మన తాతల నాటినుండి ఈ ఏర్పాటు ఇట్లే జరుగుచు వచ్చినది. అయితే అమ్మగారే పాస్టరైనయెడల, ఆమె చంకలో ఇంకను పాలు విడువని బిడ్డ ఉన్నయెడల, సంఘము ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ఒక ఆదివారము తెల్లవారుజామున హైదరాబాదులోని రాంనగర్‌లో నాకు ఎదురైనది. దానికి జవాబు వెదకుచు నేను సంఘచరిత్రలో ఎంతో వెనుకకు పోవలసివచ్చెను. నాతోకూడ కొంతదూరము నడచి రండి.

రాంనగర్‌లో ఒక తెల్లవారుజాము

వేదాంత కళాశాలలో సోమవారము జరుగు ఒక సభ నిమిత్తము నేను శనివారము సాయంకాలమే పట్టణము చేరి, రాంనగర్‌లో మా అన్నగారి కుమార్తె ఇంట బసచేసితిని. ఆమె అభిషేకము పొందిన గురువు. గాంధీనగర్‌లో ట్యాంక్‌బండ్ దిగువనున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో ఆమె చదివెను. ముప్పది ఏండ్ల క్రిందట నేనును అక్కడనే చదివితిని. ఇప్పుడు పట్టణమునకు వెలుపల, రెండు బస్సులు మారి పోవలసిన ఒక పల్లె సంఘము ఆమెకు అప్పగింపబడినది. భర్త ఆసుపత్రిలో రాత్రి పని చేయును. వారికి ఏడాదిన్నర పాప.

నాలుగున్నర గంటలకు నాకు మెలకువ వచ్చెను. చేపల మార్కెట్టుకు పోవు బండ్ల చప్పుడు వీధిలో వినబడుచుండెను. వంటగదిలో దీపము వెలుగుచున్నది. ఆమె పొయ్యిమీద రాగిజావ కలుపుచు, గట్టుమీద బియ్యపు డబ్బాకు ఆనించిన ప్రసంగపు కాగితము చదువుకొనుచుండెను. పాప చంకనుండెను. ఆమె చూపు జావవైపు మరలగానే పాప ఆ కాగితమును లాగి, సగము చింపి, నోటిలో పెట్టుకొనెను. నేను నొచ్చుకొంటిని. ఆమె మాత్రము నవ్వి, "పోనీలే చిన్నాన్నా, మూడో భాగం ఎలాగూ పొడుగైపోయింది. పాపే కత్తిరించింది" అనెను.

ఏడు గంటలైనను భర్త పనినుండి ఇంకను రాలేదు. క్రింది వాటాలో నివసించు ఇంటి యజమానురాలు మెట్లెక్కి వచ్చెను. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకొనిన వృద్ధురాలు. ఆమె చేతులు చాచి, "పోరిని నాకిచ్చి పో బిడ్డా, నీ పని నువ్వు చూస్కో" అనెను. ప్రతి ఆదివారము ఇదే వాడుకయట.

"గుడికి పాపను తీసుకుపోవా తల్లీ?" అని నేను అడిగితిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. "ఒకసారి తీసుకుపోయాను చిన్నాన్నా. ప్రసంగంలో ఏడ్చింది. ముందు కూర్చున్న పెద్దాయన బయటికి తీసుకుపొమ్మని తలుపువైపు చెయ్యి చూపించారు. ప్రసంగం చెప్పేదాన్ని నేనే కదా, ఇంక ఎవరు తీసుకుపోవాలి? మళ్లీ ఎప్పుడూ తీసుకుపోలేదు" అనెను.

"ఈవేళ తీసుకుపోదాం. నేను పట్టుకుంటాను" అంటిని. ఇంటి యజమానురాలు మనస్సొప్పకయే పాపను నాకు ఇచ్చి, ఒక బిస్కత్తు పొట్లము నా చొక్కా జేబులో పెట్టెను.

బస్సులో పాప నా ఒడిలో నిద్రపోయెను. తల్లి ప్రక్క సీటులో కూర్చుండి, కాగితములో మిగిలిన ముక్క చదువుకొనుచుండెను. సంఘచరిత్ర నాకు మొదటినుండి ఇష్టమైన పాఠము. ఆ తల్లిని, నా ఒడిలోని బిడ్డను చూచుచు, వీరివంటివారు మునుపు ఎవరెవరుండిరి, సంఘము వారిని ఎట్లు చూచెను అని తలపోయసాగితిని.

లేఖనములలోని తల్లులు

మొదట హన్నా జ్ఞాపకమునకు వచ్చెను. ఆమె కన్నీటితో సమూయేలును అడిగి పొందిన సంగతి మీ అందరికి తెలియును. తరువాతి మాటను మనము తరచుగా దాటి పోవుదుము. ఎల్కానా ఇంటివారందరు ఏటేట షిలోహునకు బలి అర్పించుటకు పోయినప్పుడు హన్నా పోలేదు. బిడ్డ పాలు విడిచినదాక రాననెను. అందుకు భర్త ఆమెను గద్దింపలేదు. నీకు మంచిదని తోచినట్లు చేయుమనెను. ఆమె పండుగకు రాలేదని యాజకుడు వ్రాసిపెట్టుకొనలేదు. దేవుడును ఆమె మీద కోపింపలేదు. మందిరమునకు పోకుండ బిడ్డకు పాలిచ్చిన ఆ దినములుకూడ ఆమె మ్రొక్కుబడిలో భాగమే ఆయెను. ఆ పాలు త్రాగిన బిడ్డయే తరువాత ఇశ్రాయేలునకు ప్రవక్త.

మోషే తల్లి యోకెబెదు సంగతి మరియొకటి. ఆమె తన బిడ్డకే పాలిచ్చెను, దానికి జీతముకూడ పుచ్చుకొనెను. ఆ జీతము ఇచ్చినది ఎవరు? ఫరో కుమార్తె. బిడ్డను పెంచుట పనియే అని, ఆ పనికి విలువ గలదని ఒప్పుకొనినది విగ్రహారాధికురాలైన రాజకుమార్తె. రాంనగర్ మెట్లమీద చేతులు చాచిన ఆ వృద్ధురాలు అప్పుడు నా కన్నుల ఎదుట నిలిచెను.

ఇక పౌలు. ఆయనకు భార్యగాని బిడ్డలుగాని ఉండినట్లు మనము చదువము. అయినను థెస్సలొనీక సంఘములో తాను చేసిన సేవను వర్ణింపవలసివచ్చినప్పుడు ఆయన ఏర్పరచుకొనిన పోలిక చూడుడి. తన బిడ్డలను పోషించు తల్లివలె మృదువుగా ఉంటిమని వ్రాసెను. తరువాతనే తండ్రి పోలికను చెప్పెను. కాపరి పని ఎట్టిదో తెలిసికొనుటకు అపొస్తలుడు మనకు చూపిన మొదటి చిత్రము చంటిబిడ్డ తల్లి. మరి ఆ తల్లియే కాపరిగా వచ్చినప్పుడు మనము తలుపువైపు చేయి చూపుదుమా?

ఎప్‌వర్తు వంటగది

ఇంగ్లండులో ఎప్‌వర్తు అను చిన్న ఊరిలో శామ్యూలు వెస్లీ పాదిరిగా నుండెను. ఆయన భార్య సుసన్నా పందొమ్మిదిమంది బిడ్డలను కనెను. వారిలో సుమారు సగముమంది శైశవములోనే చనిపోయిరి. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి వారి ఇల్లు కాలిపోయెను. అయిదేండ్ల జాన్‌ను కిటికీలోనుండి దింపి రక్షించిరి. అప్పటికి తల్లి నిండు గర్భిణి. మరుసటి నెలలో చిన్న కూతురు కెజియా పుట్టెను.

1711వ సంవత్సరపు చలికాలములో పాదిరిగారు సంఘ సభల నిమిత్తము లండనులో ఉండిపోయెను. సుసన్నా ఆదివారము సాయంకాలము తన పిల్లలను, పనివారిని కూర్చుండబెట్టి ఒక ప్రసంగము చదివి, ప్రార్థన చేయుచుండెను. ప్రక్క ఇంటివారు వచ్చి వినగోరిరి. వారు మరికొందరిని తీసికొనివచ్చిరి. 1712వ సంవత్సరము వచ్చునప్పటికి ఆ ఇంట కూడువారు సుమారు రెండువందలమంది ఆయిరి. ఆ దినములలో కెజియాకు మూడేండ్లు నిండలేదు. చార్లెసుకు నాలుగేండ్లు. ఈ చిన్నవారి నడుమనే ఆ కూడికలు జరిగెను.

పాదిరిగారి బదులు గుడిలో సేవచేయుచుండిన సహాయకునికి ఇది నచ్చలేదు. ఆయన ఫిర్యాదు వ్రాసెను. శామ్యూలు వెస్లీ ఆ కూడికలు మానుకొనుట మంచిదని భార్యకు వ్రాసెను. సుసన్నా ఇచ్చిన జవాబు చరిత్రలో నిలిచిపోయినది. కూడికల వలన ఊరికి కలుగుచున్న మేలును వివరించి, మానవలెనని మీరు నిశ్చయించినయెడల కోరికగా గాక స్పష్టమైన ఆజ్ఞగా వ్రాయుడి, ఇన్ని ఆత్మలకు మేలుచేయు అవకాశమును విడిచినందుకు తీర్పు దినమున నేను దోషిని గాకుండునట్లు అని ఆమె భావము. భర్త ఆ ఆజ్ఞ ఇయ్యలేదు.

ఆ ఇంట పెరిగిన జాన్, చార్లెసులే మెథడిస్టు ఉజ్జీవమునకు నాయకులైరి. వారి పేరు మోసిన వెస్లియన్ మిషనువారే తరువాత మన హైదరాబాదు రాజ్యమునకు వచ్చి సేవ సాగించిరి. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమును మీలో అనేకులు చూచియుందురు. ఆ గోపురమునకు పునాది ఎక్కడ పడినదని వెదకినయెడల, ఒక దారి ఎప్‌వర్తులోని ఆ ఇంటికి, పిల్లల నడుమ కూర్చుండిన ఒక తల్లి ఒడికి పోవును. అయినను ఆమె జీవితకాలమంతయు ఆమెను ఎవరును కాపరి అనలేదు.

పేరు పెట్టి పిలిచిన మొదటి సంఘములు వేరు. అమెరికాలో 1853లో అంటొనెట్ బ్రౌను అను ఆమెను సౌత్ బట్లరు గ్రామ సంఘము కాపరిగా అభిషేకించెను. అభిషేకము పొంది ఏడాది నిండకమునుపే ఆమె ఆ పని విడిచెను. తరువాత వివాహమై, ఏడుగురు బిడ్డలను కని, వారి నడుమనే గ్రంథములు వ్రాసెను. లండనులో 1917 సెప్టెంబరు 17న కాన్‌స్టెన్సు టాడ్, క్లాడ్ కోల్ట్‌మన్ అను ఇద్దరు ఒకే ఆరాధనలో అభిషేకము పొంది, మరునాడు వివాహము చేసికొనిరి. వారు ఒకే సంఘమునకు ఇద్దరును కాపరులై, బిడ్డలను పెంచుచు సేవచేసిరి. వీరిది కాంగ్రిగేషనలు సంఘము. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనుకు ఆధారముగా నిలిచిన సంఘములలో ఇది ముఖ్యమైనది. కనుక ఈ కథకూడ మనకు పరాయిది కాదు.

మన తెలుగుదేశములో

ఇప్పుడు మన ఇంటివైపు చూతము. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అయిదుగురు మోకరించి ప్రార్థించిరని మీరు వినియుందురు. జూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, రూతు, జూలియా. ఆ అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. తెలుగు బాప్తిస్టు సంఘము ఆ కొండ పేరు చెప్పుకొనునంత కాలము ఈ లెక్క మరువకూడదు.

1872లో రామాయపట్నములో బోధకులకు వేదాంత పాఠశాల స్థాపింపబడెను. విద్యార్థులు భార్యాబిడ్డలతో వచ్చిరి. ఇంటిపని చూచుకొనుచునే భార్యలుకూడ తరగతులలో కూర్చుండి చదివిరి. 1909లో డోర్నకల్ వచ్చిన అజరయ్యగారు, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో భారతీయులలో ఆయనయే మొదటి బిషప్పు. ఆయనయు, భార్య అన్బు అమ్మగారును డోర్నకల్‌లో ఇదే మార్గము అనుసరించిరి. ఉపదేశిగా తర్ఫీదు పొందవచ్చిన పురుషునితోకూడ అతని భార్యకును పాఠములు చెప్పబడెను. పల్లెకు పోవునది ఒక మనుష్యుడు కాదు, ఒక కుటుంబము అని వారు ఎరుగుదురు. మాలపల్లెలో, మాదిగపల్లెలో అక్షరము రాని స్త్రీల ప్రక్కన కూర్చుండి, ప్రభువు ప్రార్థన నేర్పి, పురిటింట నిలిచి, పిల్లలకు పాటలు నేర్పినది ఆ భార్యయే. జీతము మాత్రము భర్త పేరున వచ్చెను.

వీరికి తోడుగా బైబిలు స్త్రీలు ఉండిరి. పురుష బోధకుడు అడుగుపెట్టలేని లోపలి వాకిళ్లలోనికి వారు పోయి, సువార్త చదివి వినిపించి, అక్షరములు దిద్దించిరి. వారిలో అనేకులు విధవరాండ్రు. మిషను ఆసుపత్రులలో పనిచేసిన దొరసానులలో పలువురు వివాహము లేనివారు. 1883లో గుంటూరు వచ్చి వైద్యసేవ చేసిన డాక్టరు అన్నా కుగ్లరుగారు అట్టివారే.

ఇక్కడ ఒక నిమిషము ఆగుడి. చరిత్రలో ఒక వింత కనబడుచున్నది. బిడ్డల బాధ్యత లేని స్త్రీకి మనము పనియు ఇచ్చితిమి, ఆ పనికి పేరును ఇచ్చితిమి. బిడ్డలుగల స్త్రీచేత పని చేయించుకొంటిమి గాని పేరు ఇయ్యలేదు. "అమ్మగారు" అని పిలిచి ఊరకుంటిమి. బిడ్డయు, పేరును రెండును కలిగిన స్త్రీ మన ఎదుటికి చాలకాలము రాలేదు.

1876లో ఇంగ్లండులో మేరీ సమ్నరు అను పాదిరిగారి భార్య, తల్లులను కూర్చి మదర్స్ యూనియన్ స్థాపించెను. ఆ సంఘము మన దేశమునకును వచ్చెను. సరిగా నూరేండ్లకు మరియొక తలుపు తెరవబడెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము, 1976లో తొలిసారిగా ఒక స్త్రీని గురువుగా అభిషేకించెను. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలమునకు బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆ సంఘములో స్త్రీ బిషప్పు అగుట అదియే మొదటిసారి. ఆ ఘనత మన రాయలసీమకు దక్కెను.

వేదాంత కళాశాల కథయు దీనితో కలిసినదే. వేరువేరు మిషనుల పాఠశాలలు 1964లో రాజమండ్రిలో ఒకటై ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆయెను. 1973లో అది హైదరాబాదునకు, నేను చెప్పిన ఆ గాంధీనగర్ స్థలమునకు వచ్చెను. రామాయపట్నములో భర్త ప్రక్కన కూర్చుండి చదివిన స్త్రీల మనుమరాండ్రు, మునిమనుమరాండ్రు ఇప్పుడు తమ పేరునే చేరి పట్టము పుచ్చుకొనుచున్నారు. అభిషేకము తలుపు తెరచితిమి. అయితే ఆ తలుపులోనుండి తల్లి వచ్చునప్పుడు బిడ్డకూడ వచ్చునని మనము తలంచితిమా?

నేను చేసిన తప్పు

ఇంతవరకు చరిత్ర చెప్పితిని. ఇప్పుడు నా సంగతి చెప్పక తీరదు.

పదునాలుగేండ్ల క్రిందట కొన్ని సంఘములమీద పైవిచారణ నాకు అప్పగింపబడి యుండెను. ప్రతి నెల పనివారి కూడిక జరుగును. ఒక నెల ఒక యౌవన స్త్రీ, పల్లెలో సేవచేయుచుండిన ఆమె, అరగంట ఆలస్యముగా వచ్చెను. చంకలో బిడ్డ, భుజమున సంచి, చీరె చెంగు తడిసియున్నది. నేను అందరి ఎదుట, "సేవ కావాలో, సంసారం కావాలో తేల్చుకోమ్మా" అంటిని. కొందరు నవ్విరి. ఆమె మాటలాడలేదు. వెనుక వరుసలో కూర్చుండి బిడ్డకు చెంగు కప్పుకొనెను.

అంతకుముందు నెలలో బస్సు తప్పి నేనే గంట ఆలస్యముగా వచ్చితిని. అప్పుడు నాకు కుర్చీ వేసి, మజ్జిగ తెచ్చి ఇచ్చిరి.

నాలుగు నెలలలో ఆమె పని మానుకొనెను. ఆ పల్లెలో సాయంకాలము పదిమంది స్త్రీలు ఆమెయొద్ద సువార్త చదువ నేర్చుకొనుచుండిరని నాకు తరువాత తెలిసెను. ఆమె పోయిన పిమ్మట ఆ తరగతి మూతపడెను. అక్షరములు సగము నేర్చి ఆగిపోయిన ఆ పదిమందికి నేను ఏమి జవాబు చెప్పగలను? ఎప్‌వర్తులో ఫిర్యాదు వ్రాసిన ఆ సహాయకుని కథను తరగతిలో చదివినప్పుడు నేను నవ్వితిని. నేనును అతనివంటివాడనే అని చాల ఆలస్యముగా తెలిసికొంటిని.

ఆ పల్లెలో

బస్సు దిగి పొలముల మధ్య నడచి గుడి చేరితిమి. ఆమె తెల్లని అంగీ ధరించి బల్లయొద్దకు పోయెను. నేను పాపతో వెనుక వరుసలో చాపమీద కూర్చుంటిని.

చదువరులారా, నేను ముప్పది ఏండ్లుగా ప్రసంగించుచున్నాను. అయితే బిడ్డను ఒడిలో పెట్టుకొని ప్రసంగము వినుట నాకు అదియే మొదటిసారి. మొదటి మాట విన్నాను. రెండవ మాటకు పాప నా కండ్లద్దాలు లాగెను. మూడవ మాటకు బిస్కత్తు అడిగెను. నాలుగవ మాట ఏదో నాకు తెలియదు. చక్కని ప్రసంగమే, సగము మాత్రము నా చెవినిబడెను. మా ముగ్గురు పిల్లలను ఒకరి తరువాత ఒకరిని ఒడిలో పెట్టుకొని, నా భార్య నా ప్రసంగములన్నియు ఇట్లే వినెను. ఇంటికి వచ్చి, "ఈవేళ ఎలా ఉంది?" అని నేను అడుగుదును. "బాగుంది" అనును. ఆమె ఎంత వినగలిగెనో నేను ఒక్కసారియు అడుగలేదు.

ఆ దినము ఒక శిశువునకు బాప్తిస్మము ఉండెను. తల్లిదండ్రులు బిడ్డను తీసికొని ముందుకు వచ్చిరి. మా అమ్మాయి ఆ శిశువును తన చేతులలోనికి తీసికొనెను. అది చూచి పాప నా ఒడిలోనుండి జారి, తప్పటడుగులు వేయుచు నడిమి దారిన ముందుకు పోసాగెను. నేను లేవబోతిని. ప్రక్కనున్న ముసలమ్మ నా చేయి పట్టుకొని, "పోనియ్యండి అయ్యగారూ, వాళ్లమ్మ దగ్గరికే గదా" అనెను. పాప పోయి తల్లి అంగీ అంచు పట్టుకొని నిలువబడెను. తల్లి క్రిందికి చూచెను గాని మాట ఆపలేదు. చేతులలో సంఘపు బిడ్డ, కాళ్లయొద్ద కన్నబిడ్డ. ఆమె త్రియేకదేవుని నామమున నీళ్లు పోయుచుండగా పౌలు చెప్పిన పోలిక నాకు అప్పుడు కన్నులార కనబడెను.

ముందు వరుసలోని పెద్దాయన ఈ తడవ తలుపువైపు చేయి చూపలేదు. ఆరాధన అయిన తరువాత ఆయన ఏమియు మాటలాడక పాపను ఎత్తుకొని, తన దొడ్డిలో పుట్టిన గేదెదూడను చూపించుటకు తీసికొనిపోయెను. మన పల్లెలలో క్షమాపణ ఎల్లప్పుడును నోటితో చెప్పబడదు.

మీరు చేయదగినది

చట్టముకూడ ఈ విషయములో మనకంటె ముందు నడచినది. 1961లో మన దేశమున ప్రసూతి ప్రయోజనముల చట్టము చేయబడెను. 2017లో దానిని సవరించి, మొదటి రెండు కాన్పులకు జీతముతోకూడిన సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. 50 మంది లేక అంతకు మించి పనిచేయు స్థలములో శిశువులను ఉంచుటకు ఏర్పాటుండవలెననియు, తల్లి దినమునకు నాలుగు మారులు బిడ్డయొద్దకు పోవచ్చుననియు విధించిరి. పల్లె సంఘములో పనిచేయువారు యాబదిమంది ఉండరు, ఒక్కరే ఉందురు. అయితే ఆ ఒక్కరి చుట్టు యాబది కుటుంబములు ఉండును. మన సంఘమునకు శిశుగృహము సంఘమే.

కనుక సహోదరులారా, సహోదరీలారా, తల్లియైన కాపరి మీయొద్దకు వచ్చినప్పుడు ఈ కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. స్త్రీల మైత్రివారు వారమునకు ఒకరు వంతు పెట్టుకొని ఆరాధన వేళ ఆమె బిడ్డను పట్టుకొనవచ్చును. గుడిలో ఒక మూల చాప పరచి, మంచినీళ్లు పెట్టి, ఏ తల్లియైనను బిడ్డకు పాలిచ్చుకొనుటకు తెర కట్టవచ్చును. అది కాపరమ్మకే గాక మీ కోడండ్రకును ఉపయోగము. రాత్రి తొమ్మిదింటికి పెట్టు ఇంటి కూడికను సాయంకాలము ఆరింటికి జరుపవచ్చును. ఆమె పురిటికి పోయినప్పుడు, ఎన్నాళ్లకు వత్తురని అడుగక, సంఘ పెద్దలు వంతులవారీగా వాక్యము చదివి ఆరాధన నడుపవచ్చును. బిడ్డ ఏడ్చినయెడల ఏడ్వనిండు. గుడిలో బిడ్డ ఏడుపు వినబడని నాడు ఆ సంఘమునకు వృద్ధాప్యము వచ్చినదని తెలిసికొనవలెను. మగ పాస్టర్లైన మాకును ఒక మాట: మన ఇండ్లలోని "అమ్మగారు" ఎంత వినగలుగుచున్నదో అడిగి, కొన్ని ఆదివారములైనను బిడ్డను మనము ఎత్తుకొనవలెను.

సాయంకాలము రాంనగర్ చేరితిమి. ఇంటి యజమానురాలు గడపలోనే నిలుచుండెను. "ఏడ్సిందా పోరి?" అని అడిగెను. "లేదమ్మా, గుడంతా ఎత్తుకున్నరు" అని మా అమ్మాయి చెప్పెను. ఆ మాట చెప్పునప్పుడు ఆమె ముఖమున కనబడిన సంతోషము, ఆ ఉదయము ఆమె నవ్వులో నాకు కనబడలేదు.

చిన్నబిడ్డలను చేతులలోనికి తీసికొని దీవించిన ప్రభువా, వారిని తెచ్చినవారిని గద్దించిన శిష్యులలో మేమును ఉంటిమి. మమ్మును క్షమింపుము. నీ వాక్యమును, నీ బిడ్డను ఒకేసారి మోయుచున్న తల్లులకు బలము నిమ్ము. వారి భారము పంచుకొను చేతులు మా సంఘములలో లేపుము. మూతపడిన తరగతులను మరల తెరువుము. ఆమేన్.